ఆరని ఎర్రలైటు

తిరువూరు బ్యాంకులో పనిచేసిన రోజుల్లో నేను జగన్నాథరావుగారింట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. 1974 వేసవి నాటి మాట. గది బాగానే ఉండేది, గాలి వచ్చేది, బావి దగ్గర. ఉన్న ఇబ్బందల్లా ఇంటాయన ఉపన్యాసాలే.

జగన్నాథరావు హేతువాది. ఈ సంగతి ఆయన్ని కలిసిన ఐదు నిమిషాల్లో ఎవరికైనా తెలిసిపోయేది, ఎందుకంటే ఆయనే చెప్పేవాడు. పురోహితుడు లేకుండా, పంతం పట్టి రాహుకాలంలో, దండలు మార్చుకుని పెళ్ళి చేసుకున్నాడు. గృహప్రవేశానికి అమావాస్యే కావాలని కూర్చున్నాడు. లైబ్రరీలో నెలకో సభ పెట్టి ముహూర్తాలనూ శకునాలనూ చీల్చి చెండాడేవాడు. ఆ వరస అయిపోతే స్త్రీ స్వేచ్ఛ మీదకు వచ్చేవాడు. నాకు ఉపన్యాసం వింటే తల నొస్తుంది, అది మంచిదైనా చెడ్డదైనా. అయినా అద్దెకున్నవాణ్ణి కాబట్టి ముందు వరసలో కూర్చుని వినేవాణ్ణి.

ఆయన భార్య సరోజినీదేవి సభలకు వచ్చేది కాదు. ఆవిడకు పని ఉండేది. పెనుగొలనులో పుట్టింటివాళ్ళు ఇచ్చిన మామిడితోట ఆవిడ పేరునే ఉంది. అక్కడికి వెళ్ళాలంటే బస్సు దొరకాలి, దొరికిన బస్సు వెళ్ళాలి, తిరిగి రావడానికి ఇంకో బస్సు ఉండాలి. ఈ మూడూ ఒకే రోజు కుదిరేవి కావు. వరసగా రెండేళ్ళు కాపలావాడి మాటలు నమ్మి కాపు సగానికి సగం పోగొట్టుకుంది. ఇంట్లో చూస్తే కారుంది. సభలకు తిరగడానికి జగన్నాథరావు విజయవాడలో ఒక డాక్టరు దగ్గర పాత కారు కొన్నాడు. డ్రైవరు మానేసి వెళ్ళిపోయాక అది షెడ్డులో నిద్రపోతోంది. ఆయనకు నడపడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

"నేను నేర్చుకుంటానండీ" అంది సరోజినీదేవి ఒకరోజు అన్నం వడ్డిస్తూ.

ఆయన కాదనలేకపోయాడు. ఎలా అంటాడు? అంతకుముందు వారమే ఆడవాళ్ళు విమానాలు నడిపే రోజు రావాలని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. నేనూ కొట్టాను.

మెకానిక్కు కమాలుద్దీన్ నేర్పాడు. బస్టాండు అవతల రేకుల షెడ్డులో లారీలూ ట్రాక్టర్లూ బాగుచేసేవాడు, డ్రైవింగు లైసెన్సు కూడా ఉంది. మూడు నెలలు పొద్దున్నే ఎ.కొండూరు రోడ్డు మీద ఆవిడతో బండి నడిపించాడు. నడపడంతోపాటు బండిని చూసుకోవడం కూడా నేర్పాడు. రేడియేటర్లో నీళ్ళు, బ్యాటరీలో నీళ్ళు, ఇంజన్లో ఆయిలు, అన్నీ ఆవిడే చూసుకునేది. సోమవారం విజయవాడలో లైసెన్సులిచ్చే బ్రేకిన్‌స్పెక్టరు దగ్గర పరీక్ష. ఆదివారం మధ్యాహ్నం బయల్దేరి, రాత్రికి బంధువులింట్లో ఉండి, పొద్దున్నే పరీక్షకు వెళ్ళాలని అనుకున్నారు. కమాలుద్దీన్ పక్కన కూర్చుంటాడు. నాకూ విజయవాడలో పనుంది కాబట్టి వెనకసీటు నాకిస్తామన్నారు. బస్సులో నిలబడి వెళ్ళే బాధ తప్పిందని సంతోషించాను.

శనివారం మధ్యాహ్నం సరోజినీదేవి ఎయిర్ క్లీనర్ కడిగింది. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, అది ఇంజను పీల్చే గాలిలోంచి దుమ్ము వడగట్టే ఇనపడబ్బా. లోపల తీగల జాలీ ఉంటుంది, అడుగున కాస్త ఆయిలు పోసి ఉంటుంది. మా రోడ్ల దుమ్ము తిని తిని ఆ ఆయిలు బురదయిపోయింది. ఆవిడ చీరచెంగు బిగించి, డబ్బా ఊడదీసి, జాలీని కిరసనాయిల్లో కడిగి, నీడన ఆరబెట్టి, కొత్త ఆయిలు పోసి, సాయంత్రానికి మళ్ళీ బిగించింది. వీధిలో వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర ఆగి మరీ చూశారు. జగన్నాథరావు అరుగు మీద కూర్చుని, మన సంఘం ఎంత మారిపోయిందో నాకు చెప్పాడు. మొహంలో మాత్రం ఆ సంతోషం కనపడలేదు.

ఆదివారం పొద్దున ఆవిడ బండి స్టార్టు చేసింది. ఇంజను మామూలుగానే పలికింది. డాష్‌బోర్డు మీద ఎర్రలైటు మాత్రం ఆరలేదు.

ఆ లైటు తాళం తిప్పగానే వెలుగుతుంది, ఇంజను లోపల ఆయిలు పైకెక్కగానే ఆరిపోతుంది. ఆరలేదంటే ఆయిలు పారడం లేదని అర్థం. అలాగే నడిపితే లోపలి సామాను రాసుకుని రాసుకుని ఇంజను పట్టేస్తుంది. కమాలుద్దీన్ ఆవిడకు మొట్టమొదట నేర్పిన పాఠం అదే. ఆవిడ వెంటనే ఇంజను ఆపేసి, బయటికి దిగి, ఆయిలు పుల్ల తీసి చూసింది. ఆయిలు నిండుగా ఉంది.

జగన్నాథరావు గబగబా వచ్చాడు. విషయం విన్నాక ఆయన మొహంలో ముందు కంగారు కనపడింది. ఆ వెంటనే, బడికి సెలవిచ్చారని తెలిసిన పిల్లాడి కళ వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. నా వెనకసీటు సంగతి సరే, ఆవిడ మూడు నెలల శ్రమ చూసినవాణ్ణి.

"నేను చెబుతూనే ఉన్నాను, ఇంజను జోలికి పోవద్దని" అన్నాడు.

"ఎప్పుడు చెప్పారు?" అంది ఆవిడ.

"చెప్పలేదూ? మనసులో అనుకున్నానేమో. నిన్న నువ్వు విప్పావు, ఇవాళ లైటు వెలిగింది. కార్యకారణ సంబంధం కళ్ళ ముందే కనపడుతోంది. ఇక వద్దు సరోజినీ. ఈ బండి మనకు అచ్చిరాదు."

అచ్చిరాదు అన్న మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు. ఆయన ఆ మాట అన్నట్టు గమనించుకోలేదు కూడా. అప్పుడే గేటు ముందు గంపలగూడెం బస్సు ఆగితే వెళ్ళి కండక్టరుతో కబురంపాడు. గంపలగూడెంలో పత్తి వ్యాపారం చేసే ఏడుకొండలు కారు అమ్మమని ఏడాదిగా అడుగుతున్నాడు. మధ్యాహ్నం వచ్చి తీసుకుపొమ్మని ఆయనకే ఆ కబురు.

సరోజినీదేవి అది విని కమాలుద్దీన్ కోసం మనిషిని పంపింది. ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. బండి గేటు దాటి వెళ్ళిపోతే రేపటి పరీక్ష లేదు. ఇంకో బండి ఈ ఇంటికి రాదు. తోట మళ్ళీ కాపలావాడి దయ.

కబురందుకుని కమాలుద్దీన్ సైకిలు మీద వచ్చాడు. నెమ్మదైన మనిషి. ఎవరు తొందరపెట్టినా తొందరపడడు. బానెట్ ఎత్తి, ఎయిర్ క్లీనర్ కింద చెయ్యి మాత్రమే పట్టే సందులోకి చెయ్యి పోనిచ్చి, తడుముకుంటూ, ఎర్రలైటును వెలిగించి ఆర్పే ఆయిలు స్విచ్చు మీది వైరు పీకాడు.

"తాళం తిప్పండమ్మా, లైటు వెలుగుతోందా?"

"లేదు."

మళ్ళీ వైరు తగిలించాడు. లైటు వెలిగింది. కమాలుద్దీన్ చెయ్యి తుడుచుకున్నాడు.

"వైరు బాగానే ఉందమ్మా. వైరు ఎక్కడైనా ఇనుముకి తగులుతుంటే, పీకినా లైటు వెలగాలి. వెలగట్లేదు. అంటే లోపల ఆయిలు పంపు పోయుండొచ్చు. ఇంజను దించాలి. వారం పడుద్ది."

"విన్నావా?" అన్నాడు జగన్నాథరావు.

సరోజినీదేవి బానెట్ వైపు చూస్తూ నిలబడింది. "కమాలుద్దీన్, నేను పాడుచేసుంటే ఒప్పుకుంటాను. ఏం పాడుచేశానో చూపించు."

"గాలొచ్చే డబ్బా వేరు, ఆయిలు పోయే దారి వేరమ్మా. దానికీ దీనికీ చుట్టరికం లేదు."

"మరి డబ్బా కడగబట్టే పాడయిందని ఎందుకంటున్నారు?"

"నేనన్లేదమ్మా" అన్నాడు కమాలుద్దీన్. "సారన్నారు."

జగన్నాథరావు చేతులు వెనక్కి కట్టుకుని మామిడికాయల రేటు గురించి నన్నేదో అడిగాడు. నేను వినిపించుకోలేదు.

"ఆయిలు పైకొస్తోందో లేదో కంటితో చూసే ఉపాయం లేదా?" అని అడిగింది ఆవిడ.

కమాలుద్దీన్ తల గోక్కున్నాడు. "ఉందమ్మా. పైన ఆయిలు పోసే మూత తీసి ఒక్క నిమిషం నడిపితే తెలుస్తది. కాని పంపు నిజంగా పోయుంటే ఆ నిమిషం కూడా మంచిది కాదు. మీ ఇష్టం."

"వద్దు, వద్దు" అన్నాడు జగన్నాథరావు. "ఉన్న ఇంజను కూడా పోగొట్టుకుంటామా? ఏడుకొండలుకి ఏం చూపిస్తాం?"

"నాకు తెలియాలండీ" అంది ఆవిడ. "పోతే పోనివ్వండి. నా చేత్తో పోయిందో లేదో తెలియకుండా మాత్రం అమ్మనివ్వను."

ఆవిడ గొంతు పెంచగా నేను వినడం అదే. తాళం తిప్పింది. కమాలుద్దీన్ మూత తీసి ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. చూస్తుండగానే ఆయిలు చుక్కలు చిమ్మి అతని చొక్కా మీద పడ్డాయి. ఇంజను ఆపించి, చొక్కా చూసుకుని నవ్వాడు.

"శుభ్రంగా వస్తోందమ్మా! పైదాకా తడిగా ఉంది. పంపుకేం కాలేదు. నా మాటే తప్పు."

"మరి లైటు?"

"లైటు అబద్ధమాడుతోంది. స్విచ్చు పోయుండాలి. ఇవాళ ఆదివారం, విజయవాడలో కూడా దొరకదు."

జగన్నాథరావు వెంటనే అందుకున్నాడు. "ఎర్రలైటు వెలుగుతున్న బండికి బ్రేకిన్‌స్పెక్టరు పరీక్ష పెడతాడా? పెట్టడు. పెట్టినా ఆ బండిలో డెబ్భై ఎనభై కిలోమీటర్లు నిన్ను పంపను. అయిపోయింది. ఏడుకొండలు వచ్చే వేళయింది, బానెట్ దించండి."

ఆవిడ దించలేదు. "నిన్నటిదాకా పనిచేసిన స్విచ్చు రాత్రికి రాత్రి ఊరికే పోతుందా? నిన్న ఈ ఇంజన్లో కదిలింది ఈ డబ్బా ఒక్కటే. మళ్ళీ తీసి చూస్తాను."

నట్టు మీద చెయ్యి వేసింది. "వద్దన్నానా!" అన్నాడు జగన్నాథరావు.

ఆ గొంతు వేరుగా ఉంది. కమాలుద్దీన్ కూడా తలెత్తి చూశాడు. జగన్నాథరావు వెంటనే స్వరం మార్చి, ఎండెక్కుతోంది, అందరూ అలిసిపోయారు, కాస్త మజ్జిగ తాగుదాం అన్నాడు. మజ్జిగ ఎవరికీ అక్కర్లేకపోయింది.

నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తాళం తిప్పి ఇంజను నడుస్తుండగా లైటు చూస్తూ ఉండమన్నారు. సరోజినీదేవి నట్టు విప్పి, డబ్బాను దాని కింది ఇనపపట్టీతో సహా రెండు చేతులా పట్టుకుని పైకెత్తింది.

"ఆరింది!" అన్నాను.

ఆవిడ చటుక్కున దించింది.

"వెలిగింది!"

ఎత్తింది. ఆరింది. దించింది. వెలిగింది. నాకు ఆ పని భలే సరదాగా అనిపించింది, గేటు దగ్గర నిలబడ్డ ఇద్దరు ముగ్గురు కూడా నాతో కలిసి "వెలిగింది" అనడం మొదలుపెట్టారు. కమాలుద్దీన్ మాత్రం బుగ్గన చెయ్యి పెట్టుకున్నాడు. ఇరవయ్యేళ్ళలో ఇట్లాంటిది చూడలేదన్నాడు.

ఇంజను ఆపించి, సరోజినీదేవి డబ్బాను పూర్తిగా బయటికి తీసి తిరగేసింది. పట్టీకి వెనక వైపు, పైనుంచి చూస్తే కనపడని చోట, నల్లదారం కట్టి ఉంది. గ్రీజు అంటి అది వైరులాగే ఉంది. దారం చివర సన్నటి రాగిరేకు వేలాడుతోంది. చుట్ట చుట్టిన రేకు విచ్చుకుని, ఒక కొస స్విచ్చు తల మీద, రెండో కొస ఇంజను ఇనుము మీద ఆనుకుంటోంది. ఆనుకున్నంతసేపూ లైటు వెలుగుతుంది. ఇంతే సంగతి.

కమాలుద్దీన్ రేకును గుడ్డతో తుడిచి అరచేతిలో పెట్టుకుని చూశాడు. దాని మీద చిన్న చిన్న గళ్ళు, గళ్ళలో గీతలు ఉన్నాయి.

"ఇది మా అమ్మ చేతిది" అన్నాడు ఆశ్చర్యంగా.

కమాలుద్దీన్ తల్లి నూర్‌బీ ఊళ్ళో అందరికీ తెలుసు. పిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తున్నా, జ్వరం తగ్గకపోయినా, మతభేదం లేకుండా ఆమె దగ్గరికి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించుకునేవాళ్ళు.

"తాయెత్తు నా బండికా?" అంది సరోజినీదేవి.

"మా అమ్మ మనుషులకే ఇస్తదమ్మా. దూరం పోయేవాళ్ళుంటే, వాళ్ళ మీద బెంగ పెట్టుకున్నవాళ్ళు వచ్చి తీసుకుంటారు. బండికి కట్టమని ఆమె చెప్పదు. పోయేవాళ్ళ ఒంటి మీద కట్టాలి." కమాలుద్దీన్ ఆగి ఆలోచించాడు. "ఒంటికి కడతానంటే ఒప్పుకోరనుకుని ఇక్కడ కట్టుంటారు ఎవరో."

జగన్నాథరావు గొంతు సవరించుకుని, "కమాలుద్దీన్, టీ తాగుతావా?" అన్నాడు. నాలుగేళ్ళుగా ఆ ఇంటికి వస్తున్న కమాలుద్దీన్ ఆ ప్రశ్న మొదటిసారి విన్నాడు.

సరోజినీదేవి భర్త వైపు తిరిగింది. "మీ నిన్నటి లాల్చీ చేతికి గ్రీజెలా అంటిందా అని పొద్దున్నించీ అనుకుంటున్నాను. నా చీరలతో కలిపి నానబెడితే నాదే అంటుకుందేమో అనుకున్నాను."

నేను నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఇన్నాళ్ళు నాకు తలనొప్పి తెప్పించిన ఉపన్యాసాలన్నిటికీ ఆ క్షణం వడ్డీతో సహా ముట్టిందని నా ఆనందం. కాని ఆవిడ నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది కోపంతోనే.

"రాహుకాలంలో నా మెడలో దండ వేశారు. మా అమ్మ ఏడుస్తున్నా వెయ్యనిచ్చాను. మీరు దేనికీ భయపడరనుకున్నాను. భయపడితే తప్పేముంది? నిన్న రాత్రి పక్కన కూర్చుని, నాకు భయంగా ఉంది సరోజినీ అని ఒక్కమాట అనలేకపోయారా? అది చెప్పడం చేతకాక, పొద్దున్నించీ నా చేతుల్ని తిడుతున్నారు."

"మైలవరం దగ్గర లారీలు..." అని జగన్నాథరావు మొదలుపెట్టి ఆపేశాడు. ఆయన అలా నిలబడితే నాకు జాలేసింది. నవ్వు ఎటుపోయిందో తెలియలేదు.

ఆవిడ కమాలుద్దీన్ అరచేతిలోంచి రేకు తీసుకుని, దారంతో సహా చుట్టి, భర్త చేతిలో పెట్టింది.

"భయం మీది. మీ దగ్గరే పెట్టుకోండి. ఇంజనుకి దీంతో పనిలేదు."

తర్వాత డబ్బా బిగించి స్టార్టు చేసింది. లైటు వెలిగి ఆరిపోయింది. ఆవిడ చేతులు కడుక్కుని చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. జగన్నాథరావు చాలాసేపు ఆ రేకు పట్టుకుని షెడ్డు నీడలో నిలబడ్డాడు. చివరికి లాల్చీ జేబులో వేసుకున్నాడు.

మేం బయల్దేరబోతుండగా ఏడుకొండలు మోటారుసైకిలు మీద వచ్చాడు. వెంట బండి తోలుకుపోవడానికి డ్రైవరును కూడా తెచ్చుకున్నాడు. సరోజినీదేవి స్టీరింగు ముందు, పక్కన కమాలుద్దీన్, వెనక నేను. ఏడుకొండలు మమ్మల్ని చూసి మోటారుసైకిలు దిగకుండానే నోరు వెళ్ళబెట్టాడు.

"ఇదేంటి అన్నయ్యగారూ? అమ్ముతానని కబురంపారుగా?"

"అమ్మడం లేదు" అన్నాడు జగన్నాథరావు.

"వదినగారు నడుపుతారా? బెజవాడ దాకా? ఆ లారీల మధ్యన?" ఏడుకొండలు తన డ్రైవరు వైపు చూసి కన్నుగీటాడు. "ఎంత సభల్లో మాట్లాడినా, మీకు మాత్రం భయం లేదూ?"

గేటు దగ్గర పొద్దుటివాళ్ళే ఇంకా నిలబడి ఉన్నారు. ఎదురింటివాళ్ళు అరుగు మీదికి వచ్చారు. స్త్రీ స్వేచ్ఛ మీద పెద్ద ఉపన్యాసం వస్తుందని నేను సీట్లో సర్దుకుని కూర్చున్నాను. సరోజినీదేవి వెనక్కి తిరగలేదు, అద్దంలోకి చూస్తోంది.

"ఉంది" అన్నాడు జగన్నాథరావు, అందరికీ వినపడేలా. "చాలా ఉంది."

వెనకతలుపు తీసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.